పోశన్న పాసయ్యాడు

సిస్టర్ ఇచ్చిన చిన్న సీసా పట్టుకుని పోశన్న స్కూలు మరుగుదొడ్డిలోకి వెళ్లాడు. వెనకే బామ్మర్ది రాజమౌళి కూడా తన సీసాతో దూరాడు.

“నాది వద్దుగని, నా దాంట్ల సుత నువ్వే పొయ్యిరా,” అన్నాడు పోశన్న.

“రెండు సీసాలు నింపనీకి నేనేమన్న వాటర్ ట్యాంకర్‌నా బావా? ఆగు జర.”

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి ఏడు వారాలైంది. ఫహాహీల్‌లోని ఈ స్కూల్లో నాలుగు వందల మంది తెలుగువాళ్లు బెంచీలే మంచాలుగా పడి ఉన్నారు. రేపు మొదటి బస్సు బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు వెళ్తుంది. యాభై సీట్లు. రెండో బస్సు ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఎవరు వెళ్లాలో నర్సు తేల్చి రాసిస్తేనే గేటు తెరుస్తానన్నాడు ఇరాకీ పోలీసు. అందుకని కడప నర్సు శివపార్వతి సిస్టర్ పొద్దుటినుంచీ అందరికీ మెడికల్ చేస్తోంది.

పోశన్నకు షుగర్. మాత్రలు అయిపోయి పన్నెండు రోజులైంది. కుడికాలి మీది పుండు మానడం మానేసింది. అందుకే ఇంత ఎండలోనూ రెండు జతల సాక్సులు. రేపటి బస్సు తప్పితే కాలు ఏమవుతుందో అతనికి తెలుసు.

“ఎడారిల రెండు దినాల తొవ్వ. నడవలేనోన్ని ఎవడు తీస్కపోతడు?” అన్నాడు రాజమౌళి. కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కాగితం కోసం మూడుసార్లు మెడికల్ పాసైన అనుభవం అతనిది. “ఫెయిలైతే ఖలాస్. దగ్గొస్తే మింగు. నొప్పొస్తే నవ్వు.”

పోశన్న నవ్వుతూ వరుసలో నిలబడ్డాడు.

ముందున్న వెంకటవ్వ నాలుగడుగులు వేసేసరికి ఆయాసంతో కూలబడింది. సిస్టర్ ఆమెను పక్కన చాప మీద కూర్చోబెట్టింది. అక్కడ అప్పటికే ఒక నిండు చూలాలు, కళ్లు సరిగా కనిపించని ముసలాయన ఉన్నారు. పోశన్నకు జాలేసింది. పాపం, వీళ్ల పని అయిపోయింది.

“ఏం పోశన్నా, షుగరేమన్నా ఉందా?” ఆవలింత ఆపుకుంటూ అడిగింది సిస్టర్.

“నాకా? చాయ్‌ల శక్కరి సుత ఏసుకోనమ్మా.”

“మానని పుండ్లు యాడన్నా ఉండాయా?”

“మా ఇంటా వంటా లెవ్వు.”

“నిజం చెప్పన్నా. దాస్తే నీకే నష్టం.”

“కావాల్నంటే సూడు!” పోశన్న అక్కడికక్కడే నాలుగు గుంజీలు తీశాడు. కాల్లో నిప్పు రాజుకున్నట్టయింది. నవ్వాడు.

సిస్టర్ సీసాలో కాగితపు పట్టీ ముంచింది. పట్టీ రంగు మారలేదు.

“బాగుండాది. ఏ జబ్బూ లేదులే, పో.”

పోశన్న బామ్మర్దిని కావలించుకున్నాడు. “పాసైన్రా! నీ కడుపు సల్లగుండ!”

“కడుపుది ఏం లేదు బావా. దాని కిందిదానికి మొక్కు.”

ఇద్దరూ సంచులు సర్దుకోవడానికి పరుగెత్తారు.

‘జబ్బున్నవాళ్లకే మొదటి బస్సు’ అనగానే నిన్న పక్క స్కూలు స్కూలంతా దగ్గడం చూసొచ్చిన సిస్టర్, ఇక్కడ ఆ మాట పైకి అనకుండా, చాప మీదివాళ్ల పేర్లు మాత్రం బస్సుకు రాసుకుని పోశన్న పేరు కొట్టేసింది.