కన్నకూతురి శ్లాబు

శ్లాబు నుంచి అరచెయ్యంత పెచ్చు ఊడి ఉయ్యాల్లో పడింది. పాప అప్పుడు తల్లి ఒళ్లో పాలు తాగుతోంది కాబట్టి సరిపోయింది.

ఊరికి కొత్తగా వచ్చిన మేస్త్రీ నిచ్చెనెక్కి శ్లాబును సుత్తితో తట్టి, వదులుగా ఉన్న పెచ్చులన్నీ రాల్చి చూశాడు. "జానకొకటి ఉండాల్సిన చువ్వ మూరకొకటి ఉందమ్మా. ఏ తలమాసినవాడు కట్టాడు?"

"నేనే," అంది గుమ్మంలోంచి ఆమె తండ్రి గొంతు.

మేస్త్రీ నాలిక కరుచుకున్నాడు. ఊళ్లో సగం ఇళ్లు ఆ పెద్దాయన కట్టినవే. టీ తాగొస్తానంటూ మెల్లగా జారుకున్నాడు.

"కంగారుపడకు తల్లీ. రేపే పూత పూయించేస్తా."

"పూత సంగతి కాదు నాన్నా. అతనన్నది నిజమేనా?"

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. "ఆ ఏడు ఇనుము దొరకలేదే. ఎక్కడో ఒకచోట తగ్గించాలి. పరాయివాళ్ల ఇంట్లో తగ్గిస్తే నా పేరు మట్టిలో కలిసిపోయేది. నువ్వయితే కడుపున పుట్టినదానివి, అడగవులే అనుకున్నా."

మా నాన్న దగ్గరుండి కట్టించాడని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయిన ఇల్లు ఇది. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. పాపను భుజాన వేసుకుంది. నాలుగు పక్కగుడ్డలు సంచిలో కుక్కి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"పక్కింటికి. అదీ నువ్వు కట్టిందేగా నాన్నా? పరాయివాళ్లది కదా, గట్టిగానే కట్టుంటావు."