ఖాళీ షీటు

బుధవారం పదింటికల్లా తవిటమ్మ టీబీ సెంటర్‌లో ఉండేది. కొంగుముడి విప్పి, మాత్రలు తీసేసిన ఖాళీ షీటు బల్లమీద పెట్టేది. ఖాళీది ఇస్తేనే ఆ వారానికి కొత్తది ఇస్తారు.

రోగి ఆమె మొగుడు సూరన్న. భవానీపూర్‌లో కార్పొరేషన్ స్వీపరు. మొదటి రెండు నెలలూ తనే వచ్చి నర్సు విజయ కుమారి ఎదుట మింగాడు. దగ్గు తగ్గింది. ఆ తరవాత మందు ఇంటికిచ్చారు. నెల తిరక్కుండా మళ్లీ మంచం పట్టాడు.

సెప్టెంబరు ఆఖరున అతని రిటైర్మెంట్. ఆపైన క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ముప్ఫయ్యేళ్ల కొడుకు మల్లేశుకి పని లేదు. తవిటమ్మ యూనియన్ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఖాళీల్లేవన్నారు అక్కడి బెంగాలీ నాయకులు, దాదాలు.

"మందు సరిగ్గా వేస్తున్నావా?" అని నర్సు అడిగింది.

"నా సేత్తోనే ఏత్తన్నాను దిదీ. ఏది పెడితే అది కళ్లు మూసుకుని మింగేత్తాడు."

"ఒక్క రోజూ మరిచిపోలేదుగా?"

"మొగుడి మందు మర్సిపోతానేటి?"

మిగతా రోగులకు నర్సు ఆమెనే చూపించేది. ఈవిడలా ఉండండి అనేది.

తవిటమ్మ పదిహేడో ఖాళీ షీటు ఇచ్చిన వారం సూరన్న పోయాడు. రిటైర్మెంట్‌కు తొమ్మిది రోజులుంది. నర్సు కార్డు తిరగేసింది. ఒక్క డోసూ తప్పలేదు. కొందరికి మందు పనిచెయ్యదు, నీ తప్పేం లేదు అని తవిటమ్మ భుజం తట్టింది.

సర్వీసులో పోయాడు గనక ఉద్యోగం కొడుక్కి వచ్చింది. క్వార్టర్ దక్కింది. ఇక మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది.

దానికి నెల ఉందనగా మల్లేశు దగ్గాడు. రుమాలుకి నెత్తురంటింది.

తవిటమ్మ సెంటర్‌కు పరిగెత్తింది. కొడుకుని తీసుకురా, పేరు రాసి రేపే మొదలుపెడదాం అంది నర్సు.

"పేరు రాయొద్దు దిదీ. ఆఫీసోళ్లకి తెలిత్తే ఉజ్జోగం పోద్ది."

"పేరు రాయకుండా ఒక్క మాత్ర ఇవ్వలేను తవిటమ్మా. బయట కొనడం నీవల్ల కాదు."

తవిటమ్మ ఇంటికొచ్చి తలుపు గడియ వేసింది. కొడుకుని గ్లాసుతో నీళ్లు తెచ్చుకోమంది.

బియ్యం డబ్బాలోకి మోచేతిదాకా చెయ్యి దించి హార్లిక్స్ సీసా పైకి తీసింది. సూరన్నకిచ్చిన పదిహేడు వారాల మాత్రలూ అందులోనే ఉన్నాయి.