రేపు రాండి

"అది తప్పు, అయివారూ!"

పాఠం మధ్యలో ఆ మాట అన్నది పిల్లలు కాదు, కుండల దగ్గర నీళ్ళు పోసే అవ్వ. గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

ఎస్సెల్సీ పిల్లలు కిసుక్కున నవ్వారు.

తెలుగు చెప్పే శాంతయ్య సారుకు పాఠం మధ్యలో ఈగ వాలినా కోపమే. పైగా అది ఆయనకు ప్రాణమైన పుస్తకం.

ఆ ఏడు ఉపవాచకంగా కొత్త నవల పెట్టారు. నాలుగేళ్ళ కిందటి కరువు మీద రాసింది. ఒక పెద్దిల్లు, ఒక కూలి ఇల్లు. రాజుల కథలు చెప్పీ చెప్పీ విసిగిన శాంతయ్యకు మొదటిసారి తనవాళ్ళు పుస్తకంలో కనపడ్డారు. ఆ కరువులో ఆయన తల్లీ గంజి కోసం వరుసలో నిలబడిన మనిషే.

నవలలో పెద్దింటి దొరసాని నేలలో లోతుగా తవ్విన జొన్నపాతర మూత తీయిస్తుంది. ఆకలితో వచ్చిన జనానికి "ఈ పొద్దు కాదు, రేపు రాండి" అంటుంది. ఆగలేక ఒక కూలి కుర్రవాడు సాయంత్రం చాటుగా పాతరలోకి దిగి చచ్చిపోతాడు.

"గింజలు కళ్ళకు చూపించి రేపు రమ్మంది! రాసుకోండి, దొరసానిది రాతిగుండె. పరీక్షలో తప్పకుండా అడుగుతారు," అన్నాడు శాంతయ్య.

అవ్వ అడ్డం తగిలింది అక్కడే.

"ఏం తప్పు?"

"పాతర మూత తీసినాక ఒక దినమన్నా గాలాడనియ్యాల. లోపల మనిషిని చంపే ఆవిరి ఉంటాది. దీపం దింపి చూడాల. అది ఆరిపోతే మనిషి దిగకూడదు. అందుకే ఆయమ్మ రేపు రమ్మనింది."

"పుస్తకంలో ఆ మాట లేదే?"

"రాసినాయప్ప ఎప్పుడన్నా పాతరలో దిగినాడా?"

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఈసారి సారు మీద. శాంతయ్య ముఖం కందగడ్డ అయింది.

అవ్వ పేరు హులిగెమ్మ. దసరా సెలవుల తర్వాత ఎక్కడినుంచో వచ్చి ఆ బడిలో కుదురుకుంది. ఊరేదంటే "పత్తికొండ తట్టు" అనేది. నవల చెప్పే గంటలో మాత్రం కిటికీ కింద నుంచి కదిలేది కాదు.

మర్నాడు మాస్టర్ల గదికి వచ్చింది.

"అయివారూ, ఆ రాతిగుండె మాట ఒక్కటి కొట్టేయించప్పా. అంతమంది పిల్లోల్లు రాస్తే ఆయమ్మ ఉసురు తగులుతాది."

"కథలో మనిషికి ఉసురేమిటి అవ్వా?"

"కథ కాదు. ఉండాది."

"ఎక్కడుంది?"

అవ్వ తల దించుకుని చేతిలో చెంబు తుడవసాగింది.

శాంతయ్య మెత్తబడ్డాడు, కానీ ఏం చేయగలడు? "పేపర్లు దిద్దేవాళ్ళకు పుస్తకంలో ఉన్నదే కావాలి. మా క్లాసులో కృపమణి కూలోళ్ళ పిల్ల. కాలేజీకి పోవాల్సిన పిల్ల. నీ మాట రాసి ఫెయిలైతే?"

"అయ్యో, పిల్ల చదువు పోకూడదప్పా," అంది అవ్వ. అని వెళ్ళిపోయింది.

కానీ మనసు ఊరుకుంటుందా? ఫిబ్రవరిలో పిల్లలంతా గొంతెత్తి "రాతిగుండె" అని వల్లె వేస్తుంటే మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

"అనొద్దండప్పా! పైన పట్టుకున్న తాడు కదలకపోతే గింజలు ఎత్తుకుంటాండాడులే అనుకుంటారు. పిలిస్తే పలకడు. ఆయమ్మ ముందే చెప్పింది. వింటే కదా!"

శాంతయ్య పుస్తకం బల్ల మీద కొట్టాడు.

"ఇంత నొప్పి నీకెందుకు? నువ్వేనా ఏమి ఆ దొరసాని? బతికి చెడి నీళ్ళు పోయడానికి వచ్చావా?"

అవ్వ నోరు తెరిచింది. అందరూ తననే చూస్తున్నారు. వెనక్కి తిరిగి కుండల దగ్గరికి నడిచింది.

ఆ సాయంత్రం కుండలు కడిగి, బోర్లించి, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

"చూశారా, నిజం చెబితే నిప్పు తొక్కినట్టు పోయింది," అన్నాడు శాంతయ్య పిల్లలతో.

మార్చిలో పరీక్ష. ఆ ప్రశ్నే వచ్చింది. దొరసాని స్వభావాన్ని వర్ణింపుము, పది మార్కులు. సంగతి తెలిసి శాంతయ్య సంతోషంతో వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

గేటు ముందు ఎద్దులబండి ఆగింది. ఒక ముసలామె కర్ర ఊతంగా దిగింది.

"ఈడ హులిగెమ్మ అని ఉండాదంటనే, నాయనా?"

"వెళ్ళిపోయిందమ్మా. మీరెవరు?"

"నా పేరు వెంకటేశ్వరమ్మ. మీ పుస్తకంలో రాతిగుండెదాన్ని నేనే."

శాంతయ్య వరండాలోని కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు.

"ఆ పుస్తకం వచ్చినప్పట్నుంచి నేను గడప దాటలేదు నాయనా. హులిగెమ్మ మాత్రం ఊరూరూ, బడిబడీ తిరిగింది, ఆయమ్మ తప్పేం లేదని చెప్పుకుంటా. ఇంక చాలే, ఇంటికి రా అని పిల్చుకపోదామని వచ్చినా. యాడికి పోయిందో చెప్పు."

శాంతయ్యకు తెలియదు. ఎవరికీ తెలియదు.

కిటికీలోంచి కృపమణి కనపడుతోంది. వంచిన తల ఎత్తకుండా రాస్తోంది, శాంతయ్య చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా. లోపలికి పోయి ఆపే అధికారం ఆయనకు లేదు.

"మీకోసం అంత తిరగడానికి ఆమె మీకేమవుతుందమ్మా?"

"నాకేమీ కాదు నాయనా. ఆ పొద్దు పాతర పైన తాడు పట్టుకోని నిలబడింది అదే, లోపలికి దిగినోడు దాని కొడుకు."