ఊపిరికి ఆగిన వేళ్లు

పియానో మాస్టారు ఉమామహేశ్వరది పక్కవాద్యం బతుకు. ముప్పై ఏళ్లుగా పాట పిల్లలది, పాటు ఆయనది. రేపు పరీక్షలో పాడాల్సిన హేమావతి కోయిలకుంట్లలో బస్సెక్కానంది. చీకటిపడ్డా కడప చేరలేదు, ఫోనూ ఎత్తడం లేదు. యూనివర్సిటీ గదిలో ఆయన ఒంటరిగానే సాధన మొదలెట్టాడు.

వాచ్‌మన్ హనుమన్న తలుపులోంచి తొంగిచూశాడు.

“ఆ పాపను అంతసేపు నిలబెట్టినారేం సార్? రొంతసేపు కూచోమనండి.”

“ఏ పాప? ఎగతాళి చేస్తాండావా హనుమన్నా?”

“మీ ఎనకాలే ఉండాది గదా సార్,” అంటూ అతను వెళ్లిపోయాడు.

ఉమామహేశ్వర అనుమానంగా తన వేళ్లకేసి చూసుకున్నాడు. పాడేవాళ్లు ఊపిరి తీసుకునేచోట ఆగడం ఆయన అలవాటు. ఒంటరి సాధనలో ఏనాడూ ఆగడు. ఇందాకటి నుంచీ ప్రతి చరణం చివరా ఆగుతూనే ఉన్నాడు.

పాట అయిపోతే ఆ పిల్ల ఎటు పోతుందోనని, వెనక్కి తిరగకుండా మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.