నలభై ఆరు సంతకాలు

ఏవండోయ్, మిమ్మల్నే! చదివి సంతకం పెట్టే మొహమేనా అది? బ్యాంకువాడు వేలు పెట్టి చూపించిన చోటల్లా గీకేసి వస్తారు. ఫోన్లో 'ఒప్పుకుంటున్నాను' అని కళ్లు మూసుకుని నొక్కేస్తారు. నవ్వకండి. కళాధర్ కూడా మీ బాపతే.

ఈ కళాధర్ ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఊళ్లో ఒక ప్రైవేటు కంపెనీకి మేనేజరు. కంపెనీ చేసేది ప్రొబేషన్ పని. అంటే, కోర్టు జైల్లో పెట్టకుండా బయట వదిలినవాళ్లని కనిపెట్టుకుని ఉండాలి. నెలకోసారి ఇంటికెళ్లి చూడాలి. కాంట్రాక్టు చేతికొచ్చాక ఇంటికెళ్లడం పోయి ఫోన్ చేయడం వచ్చింది. తర్వాత ఫోనూ పోయింది.

మనుషులు నిలవరక్కడ. గోడల నిండా బూజు. ఎదుటివాడు మీద పడితే నొక్కమని బల్ల కింద ఒక గంట పెట్టారు. నొక్కితే మోగదు. ఆరు నెలల్లో నలుగురు మానేశారు. మిగిలింది మధులిక, ఎనభై నాలుగు మందికి ఒక్కతే. ఆమె కాక ఫైళ్ల బల్ల దగ్గర గోవిందరాజులు. అరవై ఏళ్ల మనిషి, గోదావరి యాస, నోరు తెరిస్తే వేళాకోళం. మానేయడం మాట అటుంచి, ఆయన ఒక్క నిమిషం ఆలస్యంగా కూడా రాడు.

సోమవారం ఉత్తరం వచ్చింది. గురువారం తనిఖీ.

ముందే కబురు పెట్టి వచ్చే తనిఖీ అంటే పెళ్లిచూపులే కదా. కళాధర్ బూజు మీద రంగు వేయించాడు. పూలకుండీలు అద్దెకి తెప్పించాడు. నలభై ఆరు కాగితాలు తెచ్చి మధులిక ముందు పడేశాడు. 'ఇంటికి వెళ్లి చూడడమైనది, అంతా సవ్యంగా ఉన్నది' అని అన్నిటిమీదా అచ్చేసి ఉంది. తేదీలు కూడా ఆయనే వేశాడు.

“బుధవారం సాయంత్రానికి సంతకాలయిపోవాలి.”

“నేను ఒక్క ఇంటికి గూడ పోలేదు సార్.”

“నిన్నెవరు పొమ్మన్నారమ్మా? సంతకం పెట్టమన్నా, అంతే.”

“వీళ్లల్ల భార్యను కొట్టినోడు ఉన్నడు సార్. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. మీవాళ్లెవరూ రారా అని ఏడ్సింది.”

“ఫోన్ చేసిందంటే బతికే ఉందిగా? గ్రాండ్!” అని కళాధర్ లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. “నీ పర్మిట్ రెన్యూవల్ లెటర్ నా సొరుగులోనే ఉంది. గుర్తుందా?”

మధులిక ఆ కాగితాలు పట్టుకుని ఫైళ్ల బల్ల దగ్గరికొచ్చింది.

“ఏవమ్మా, మొహం అలా ఉందేంటి? మీ ఆయన మళ్లీ ఉప్మా చేశాడా?” అన్నాడు గోవిందరాజులు.

జరిగింది చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. ఒక కాగితం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఛీ! దీనికన్నా కుళ్లిన చేప నయం.”

“పెట్టకుంటే నన్ను ఇండియాకి పంపిస్తడు అంకుల్. పెడితే, రేపు ఆమెకేమన్న అయితే?”

“పెట్టకు తల్లీ. ఇలాంటివాటి మీద పేరెక్కితే జన్మలో కడుక్కోలేవు.”

బుధవారం సాయంత్రానికి కూడా కాగితాలు ఖాళీగానే ఉన్నాయి. రేపు ఎలాగూ పొమ్మంటాడని మధులిక సొరుగు ఖాళీ చేసి సామాను సంచిలో వేసుకుంది.

“నువ్వెళ్లమ్మా. వాటిని ఫైళ్లలో నేను పెట్టేస్తాలే. నాకింకో గంట ఉంది” అన్నాడు గోవిందరాజులు.

గురువారం పొద్దున్నే కళాధర్ వచ్చాడు. “ఏమయ్యా రాజులూ, అన్నీ అయినట్టేనా?”

“అన్నిటికీ సంతకాలున్నాయి సార్.”

“గ్రాండ్!” అని కేకులు ఎలా అమర్చారో చూడ్డానికి వెళ్లాడు. ఒక్క ఫైలూ తెరవలేదు.

తనిఖీకొచ్చినావిడ నెరిసిన జుట్టు మనిషి. కేకు ముట్టలేదు. ఒక ఫైలు తీసింది. ఇంకోటి తీసింది. పదో ఫైలు దగ్గర తలెత్తింది.

“ఈ ఇళ్లన్నిటికీ మీరే వెళ్లారా?”

“నేనా? మా మధులిక కదా మేడమ్.”

“సంతకం మీది ఉందే?”

కళాధర్ కళ్లజోడు పెట్టుకున్నాడు. తనదే. పాములా మెలికలు తిరిగి, తోక కింద రెండు చుక్కలు. నలభై ఆరింటి మీదా అదే.

“ఈ తేదీల్లో మీరు సెలవులో ఉన్నట్టు గోడమీద క్యాలెండర్లో రాసుందే?”

కళాధర్ గబుక్కున మధులిక వైపు వేలు చూపించాడు. “ఈ అమ్మాయే మేడమ్! నా కాగితాల కట్టలో వీటిని కలిపేసింది. నేను చదవకుండా సంతకాలు పెట్టేశాను.”

“ఎప్పుడూ చదవరా?”

“రోజుకెన్నొస్తాయి మేడమ్! ఎవరు చదువుతారు?”

ఆవిడ ఆ మాట కూడా రాసుకుంది. మధులిక వైపు తిరిగింది. “అసలు ఈ ఇళ్లకి ఎవరైనా వెళ్లారా?”

“లేదు. ఎవరూ వెళ్లలేదు.” మధులిక ఒక ఫైలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. “నా సంగతి తర్వాత చూడండి. ముందు ఇతని భార్య దగ్గరికి ఎవరినైనా పంపండి.”

మధ్యాహ్నానికల్లా గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆ ఇంటికెళ్లి మొగుణ్ణి బండెక్కించారు. మధులిక పర్మిట్ లెటర్ సొరుగులోంచి బయటపడి డబ్లిన్ పెద్దాఫీసుకి వెళ్లింది. తాళాలు అప్పజెప్పి మెట్లు దిగుతూ కూడా “చదవకుండా పెట్టేశాను” అని కళాధర్ గొణుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఐదింటికి గోవిందరాజులు టీ కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. జైలుకు బదులు కోర్టు వేసిన రెండొందల నలభై గంటల జీతంలేని చాకిరీ ఆయనకి ఆ రోజుతో తీరింది, చేసిన నేరమేమో ఎవరి సంతకమైనా అచ్చు గుద్దినట్టు దించేయడం.