భద్రమ్మ పికప్ బండి

ఒక కొండ అడవిలో భద్రమ్మ అనే ఎలుగుబంటి పికప్ బండి నడిపేది. కొండ మీద పండిన పనసకాయల్ని దిగువ సంతకు చేర్చేది ఆ బండే. దాన్ని చూసుకుంటే ఆమెకు ఎక్కడలేని గర్వం.

బండి పాతబడింది. మెకానిక్ ముళ్లపంది దాని కిందికి దూరి చూసి, "అక్కా, ఇంజనైతే మార్చొచ్చు. కానీ బండిని మోసే చట్రం, అదే ఛాసీ, అంతా తుప్పు పట్టిపోయింది. కొత్త బండి తీసుకో" అంది.

"నా బండిని వదిలేదే లేదు. కొత్త ఇంజను బిగించు" అంది భద్రమ్మ.

కొత్త ఇంజనుతో బండి కొండెక్కుతుంటే ఆమె హారన్ మోగిస్తూ అడవంతా తిరిగింది.

వానాకాలంలో వాగు పొంగింది. ఒడ్డున ఉండే కుందేళ్లందరినీ ఎక్కించుకుని భద్రమ్మ కొండ మీదికి బయలుదేరింది. సగం దారిలో ఛాసీ ఫట్టున విరిగింది. బండి వెనక్కి జారుతోంది. భద్రమ్మ కిందికి దూకి, వెనక తన వీపు ఆనించి ఆపింది.

"దిగండర్రా! ముందు పిల్లల్ని దింపండి!"

ఆఖరి కుందేలు దిగేదాకా ఆమె కదల్లేదు.

వానలు తగ్గాక భద్రమ్మ కొత్త బండి కొంది. నక్క ఎదురొచ్చి, "పాత బండి నీ పరువు తీసిందటగా?" అని నవ్వింది.

"అది మోయగలిగినంతా మోసింది. ఇక చాలని ఒప్పుకోవాల్సిన నేనే ఆలస్యం చేశాను" అంటూ భద్రమ్మ తలెత్తుకునే తాళం తిప్పింది.