వియన్నాలో వదిలొచ్చిన మనిషి

రెండుసార్లు ఆ గేటు దాకా వచ్చి ఆటో వెనక్కి తిప్పేసుకున్న పెద్దిరాజు, మూడోసారి మాత్రం ఇంజను ఆపేశాడు.

రాజోలులో సత్యవేణి గారి ఇల్లు అది. ఆవిడ తల్లి దుర్గమ్మ గారు కువైట్‌లో కొడుకు దగ్గర నుంచి వచ్చేసి నెల రోజులుగా ఇక్కడే ఉంటున్నారని అమలాపురం ఆటోస్టాండులో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. అప్పటి నుంచి అతనికి తిండి సయించడం లేదు.

నాలుగేళ్ల క్రితం పెద్దిరాజు కువైట్‌లో ఆ కొడుకు, డాక్టరు మాణిక్యాలరావు గారి దగ్గరే డ్రైవరు. ఆ వేసవిలో డాక్టరుగారు సెలవు పెట్టి, భార్య ఉషారాణి గారినీ తల్లినీ యూరప్ తీసుకెళ్లారు. రోమ్‌లో దిగి క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకున్నారు. పడకలు, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. నడిపే పని పెద్దిరాజుది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్, వెనిస్, వియన్నా, ఆఖరికి ప్రాగ్.

ఏ ఊరెళ్లినా ఒకటే వరస. ఊరి బయట వ్యాను ఆపేవారు. భార్యాభర్తలిద్దరూ కోటలూ చర్చిలూ చూడ్డానికి వెళ్లేవారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, రాతి మెట్లు ఎక్కలేదని డాక్టరుగారు దుర్గమ్మ గారిని వ్యాన్లోనే ఉంచేసేవారు. తోడుగా పెద్దిరాజు. రోమ్‌లో ఆవిడ పులిహోర కలిపారు. ఫ్లోరెన్స్‌లో వంకాయలు వేయించారు. వెనిస్ అంటే ఊరంతా నీళ్లేనట కదా, మన లంకల్లాగ ఉంటుందా అని అడిగారు. పెద్దిరాజుకీ తెలీదు. ఫోనులో ఫొటోలు వెతికి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

వియన్నాలో అదృష్టవశాత్తూ ఊరి నడుమే, కాలవ గట్టు మీద, వ్యాను ఆపుకోవడానికి చోటు దొరికింది. రెండో రోజు పొద్దున్న ప్రాగ్ బయల్దేరాలి. డాక్టరుగారూ భార్యా దారిలోకి రొట్టెలు కొనడానికి వెళ్లారు. సరిగ్గా అప్పుడే ఓడలరేవు నుంచి పెద్దిరాజు భార్య గంగాభవాని ఫోను చేసింది. గాలివానకి వాళ్ల వంటపాక కప్పు లేచిపోయింది. వ్యాను ముందు నిలబడి ఇరవై నిమిషాలు అతను ఆ గొడవలోనే ఉన్నాడు.

డాక్టరుగారు తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చుంటూ, అమ్మ పడుకుందా అని అడిగారు. వెనక పడకకి తెర వేసి ఉంది.

"ఆయ్, పడుకున్నారండి" అన్నాడు పెద్దిరాజు.

తెర తీసి చూడలేదు.

గంట ప్రయాణం అయ్యాక ఉషారాణి గారు అత్తగారికి టీ ఇద్దామని వెళ్లి తెర తీశారు. పడక ఖాళీగా ఉంది.

వ్యాను వెనక్కి తిప్పుకొచ్చేసరికి ఆ కాలవ గట్టు మీద ఆవిడ లేరు. పోలీసులకి చెప్పారు. ఆవిడకి భాష రాదు. చేతిలో ఫోను లేదు. కాళ్లా, అంతంతమాత్రం. డాక్టరుగారు పెద్దిరాజు వైపు చూడ్డం మానేశారు. ఆ కాలవ నీళ్లలోకి తొంగి చూస్తూ అతను మొక్కని దేవుడు లేడు.

సాయంత్రం నాలుగు దాటాక పెద్ద చర్చి మెట్ల మీద కనిపించారు. పట్టుచీరలో, చేతిలో ఐస్‌క్రీం కప్పుతో, ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎవరో జాలిపడి కొనిచ్చినట్టున్నారు అనుకున్నాడు పెద్దిరాజు. కొడుకు మొహం చూడగానే ఆవిడ ఏడ్చేశారు. ఎవరేం అడిగినా నోరు మెదపలేదు. ప్రాగ్ చేరేదాకా తెర వెనకే ఉండిపోయారు.

కువైట్‌కి వచ్చిన మర్నాడే పెద్దిరాజుని పని మానిపించి పంపించేశారు. అతను కాదనలేదు. ఎందుకు వచ్చేశాడో భార్యకి ఇప్పటికీ చెప్పలేదు. ఆటోలో ముసలివాళ్లెవరైనా ఎక్కితే మాత్రం, వాళ్లు దిగి ఇంటి గుమ్మంలోకి వెళ్లేదాకా బండి కదపడు.

ఇప్పుడు చేతిలో చక్రకేళీ అరటిపళ్లు పట్టుకుని ఆ గేటు తీశాడు.

దుర్గమ్మ గారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. అతన్ని చూడగానే గుర్తుపట్టారు. గుర్తుపట్టి, తల దించేసుకున్నారు. కూర్చోమని కూడా అనలేదు. చేతులు చీర కొంగుని మెలిపెడుతున్నాయి.

ఇన్నేళ్లయినా కోపం పోలేదన్నమాట. పోతుందని అతను మాత్రం ఎలా అనుకుంటాడు. పళ్లు కింద పెట్టి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"మామ్మగారూ, ఆ రోజు నేను చూడకుండానే చెప్పేనండి. ఒక్క అడుగు వెనక్కేసి తెర తీస్తే సరిపోయేది. దేశం కాని దేశంలో మిమ్మల్ని రోడ్డు మీద వదిలేసేను. ఎంత భయపడ్డారో ఏమో. మీరు తిట్టండి, పడతాను."

దుర్గమ్మ గారు కాళ్లు వెనక్కి లాక్కున్నారు. గుమ్మంలో నిలబడి వింటున్న కూతురిని కాఫీ పెట్టుకు రమ్మన్నారు. ఆవిడ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగారు. అప్పుడు మొదటిసారి అతని కళ్లలోకి చూశారు.

"నువ్వు నన్ను వదిలెయ్యలేదు నాయనా, ఒక్క ఊరైనా నా కాళ్లతో తిరిగి చూద్దామని, నువ్వు ఫోన్లో ఉన్నప్పుడు చప్పుడు చెయ్యకుండా నేనే దిగిపోయేను."